కూడి నేర్చుకునే పాట

మా గూడేల్లో వాయిద్యం నేర్పే బడి ఎప్పుడూ లేదు. ప్రధాన్ ఇంట్లో పుట్టిన పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని కిక్రి విన్నాడు. తండ్రి వెంట గోండు ఊళ్లు తిరిగాడు. రాత్రంతా కథ సాగుతుంటే వెనక నుంచి వంత పాడాడు. ఒక వయసు వచ్చేసరికి కమాను అతని చేతికి వచ్చింది. పెప్రె, కాళికోం, డోలు కూడా అంతే. అలా వినేచోటే ఇప్పుడు పిల్లవాడు లేడు. ముందు ఆశ్రమ పాఠశాలలో ఉన్నాడు, తర్వాత ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో హాస్టల్లో ఉన్నాడు, ఆ తర్వాత హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నాడు. చదువు కావలసిందే, దాన్ని కాదనేవాళ్లం కాదు. కానీ వినే చెవి ఊళ్లో లేకపోతే పాట ఎవరికి అందాలి? ఈ ప్రశ్నే మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టింది.

మేము పదకొండు మందిమి. గోండులం, ప్రధాన్లం, మాలో ఇద్దరు కొలాములు, ఒకరు తోటి. నలుగురం టీచర్లం. మిగిలినవాళ్లం డిగ్రీ చదువుతున్నవాళ్లం, చదువు మధ్యలో ఆపినవాళ్లం. రెండేళ్లలో మేము రెండు వాయిద్యాలు పట్టాం. మొదటిది యూరప్‌ది, పేరు రికార్డర్. రెండోది మాది, కిక్రి. వరుస తలకిందులుగా ఉందని చాలామంది నవ్వారు. అయితే ఆ మొదటిది పట్టడం వల్లనే రెండోదాన్ని ఎలా పట్టుకోవాలో తెలిసింది. ఆ సంగతి మన యువతకూ, మన బడుల్లో పనిచేసే టీచర్లకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

రికార్డర్ అంటే టేపు రికార్డర్ కాదు. అదొక ఊదే వాయిద్యం. మన పిల్లనగ్రోవిని అడ్డంగా పట్టుకుంటాం, దీన్ని నిలువుగా పట్టుకుంటారు. నోట్లో పెట్టుకునే కొనలో చిన్న బిరడా ఉంటుంది. దాని మీద సన్నని దారి గుండా గాలి వెళ్లి, ఎదురుగా ఉన్న పదును అంచుకు తగిలి ఈల అవుతుంది. అందుకని పెదవులతో గాలిని గురి చూసి కొట్టే కష్టం లేదు, ఊదగానే పలుకుతుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. ప్లాస్టిక్‌వి చవకగా దొరుకుతాయి. మాలో ఒకరు పనిచేసే బడికి ఎవరో దాతలు పంపిన పెట్టెలో అవి ఇరవై వచ్చాయి. ఏం చేయాలో తెలియక స్టోర్ రూములో పెట్టారు. హైదరాబాద్‌లో పిల్లలకు ఈ వాయిద్యం నేర్పే ఒక మేడం మాకు శిక్షణ శిబిరంలో పరిచయమయ్యారు. ఉండటానికి చోటు, తినడానికి ఇంత అన్నం చూపిస్తే చాలు, వస్తానన్నారు. నెలకు రెండు రోజుల చొప్పున ఆరు నెలలు వచ్చారు.

మొదటి రోజు ఆమె వాయిద్యాన్ని మూడు ముక్కలుగా విప్పించి, తల ముక్క ఒక్కటే చేతికిచ్చారు. పదకొండు మందిమీ ఒక్కసారి ఊదితే బడి వెనక కోళ్లు పరుగెత్తాయి. రెండోసారి, పక్కవాళ్ల ఊదు వినిపించేంత మెల్లగా ఊదమన్నారు. అక్కడే పాఠం మొదలైంది. రికార్డర్‌లో గట్టిగా ఊదితే శబ్దం పెరగడంతో ఆగదు, స్వరమే పైకి జరిగిపోతుంది. ఇంకా గట్టిగా ఊదితే కీచుమంటుంది. కాబట్టి పదిమంది ఒకే స్వరం పలికించాలంటే పదిమంది ఊపిరీ ఒక్క బరువులో ఉండాలి. ఎవరికి వారు బాగా ఊదితే సరిపోదు.

తర్వాత ఎడమ చేతి వేళ్లతో మూడు స్వరాలు నేర్చుకున్నాం. ఆ మూడింటితోనే రెండు నెలలు గడిచాయి. సగం మంది ఒక స్వరాన్ని కదలకుండా పట్టి ఉంచేవాళ్లు, మిగతా సగం దాని మీద నడిచేవాళ్లు. తర్వాత తారుమారు. ఒక గుంపు పాట మొదలుపెట్టిన కాసేపటికి రెండో గుంపు అదే పాటను మొదటి నుంచి ఎత్తుకునేది. మొదటి గుంపును వింటూనే తన దారి తప్పకుండా పోవాలి. పై స్వరాలకు వెనక రంధ్రాన్ని బొటనవేలితో సగమే తెరవాలి. అది పట్టుబడటానికి ఒక్కొక్కరికి ఒక్కో కాలం పట్టింది. ముందు వచ్చినవాళ్లు వెనకవాళ్ల పక్కన కూర్చున్నారు. మేడం లేని రోజుల్లో కూడా సాయంత్రాలు అలాగే సాగాయి.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె పెద్ద వాయిద్యాలు తెచ్చారు. రికార్డర్ ఒక్కటి కాదు, అదొక కుటుంబం. సన్నగా పలికే సోప్రానో, దానికంటే పెద్దది ఆల్టో, ఆపైన టెనర్, అన్నిటికన్నా లోతుగా పలికే బాస్. మా గుంపులో ఎప్పుడూ మాట్లాడని ఒక కొలాం అమ్మాయి బాస్ తీసుకుంది. ఆ గొంతు మెల్లగా ఉంటుంది. అది ఆగిపోతే మాత్రం పైన ఉన్నవాళ్లందరి కాళ్ల కింద నేల జారినట్టే ఉంటుంది. ఆ నెల నుంచి ఆ అమ్మాయి రాలేదంటే మేము మొదలుపెట్టేవాళ్లం కాదు.

రాత్రి భోజనాలయ్యాక మేడం ఆ వాయిద్యం కథ చెప్పేవారు. యూరప్‌లో రెండు మూడు వందల ఏళ్ల నాటి సంగీతాన్నీ, అంతకు ముందుదాన్నీ వాళ్లు ఎర్లీ మ్యూజిక్ అంటారు. రికార్డర్ ఆ కాలపు వాయిద్యం. 1535లో వెనిస్‌లో గనాసి అనే ఆయన దీన్ని వాయించడం గురించి పుస్తకమే అచ్చు వేశాడు. మనిషి గొంతును అనుకరించమని అందులో చెప్పాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1547లో చనిపోయాక ఆస్తి లెక్క రాస్తే అందులో 76 రికార్డర్లు తేలాయి. ఆయన కొలువులో వాయించడానికి వెనిస్ నుంచి బస్సానో అనే ఇంటివాళ్లు, అన్నదమ్ములు, 1540 ప్రాంతంలో వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు అదే పని చేశారు. ఇది విన్నప్పుడు మాలోని ప్రధాన్ కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటి పేరుతో పాటు వాయిద్యం కూడా వారసత్వంగా రావడం, ఒక ఇంటివాళ్లు మరొకరి కోసం తరతరాలు వాయించడం మన దగ్గరే ఉందనుకున్నాం.

బాఖ్, వివాల్డి వంటివాళ్లు కూడా రికార్డర్ కోసం రాశారు. అయితే పద్దెనిమిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి అడ్డంగా పట్టే ఫ్లూట్ దాని చోటు తీసుకుంది. పెద్ద హాళ్లలో, పెద్ద వాద్య బృందాల మధ్య రికార్డర్ మెత్తని గొంతు వినిపించలేదు. నూరేళ్లకు పైగా అది దాదాపు మూగబోయింది. వాయించే చేతులు పోయాయి. మిగిలినవి అద్దాల పెట్టెల్లో పెట్టిన వాయిద్యాలు, పాత పుస్తకాలు.

దాన్ని మళ్లీ పలికించినవాళ్లలో ముఖ్యుడు ఆర్నాల్డ్ డోల్మెచ్. ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. ఆయన దగ్గర బ్రెస్సాన్ అనే పాతకాలపు పనివాడు చేసిన రికార్డర్ ఒకటి ఉండేది. 1919లో లండన్ వాటర్లూ స్టేషనులో అది ఉన్న సంచి పోయింది. అప్పుడాయన దాని కొలతల లెక్కలు ముందేసుకుని తానే కొత్తది తయారు చేశాడు. 1925లో హేజిల్‌మియర్ అనే చిన్న ఊళ్లో పాత సంగీతానికి పండుగ మొదలుపెట్టాడు. 1937లో ఇంగ్లండులో రికార్డర్ వాయించేవాళ్ల సంఘం ఏర్పడింది, 1939లో అమెరికాలో కూడా. ఊరూరా చిన్న గుంపులు పుట్టాయి. వాటిలో టీచర్లు, గుమాస్తాలు, ఇల్లాళ్లు, ముసలివాళ్లు ఉన్నారు. నెలకోసారి ఒక గదిలో చేరి, తెలిసినవాళ్లు తెలియనివాళ్ల పక్కన కూర్చుని వాయించారు. తర్వాత ప్లాస్టిక్‌వి వచ్చి బడిపిల్లల చేతుల్లోకి చేరాయి. మా స్టోర్ రూములోని ఇరవైకీ మూలం అదే. ఒక ఇంటివాళ్ల విద్యగా ఆగిపోయినది, గుంపుల విద్యగా తిరిగి వచ్చింది.

ఆరో నెలలో మేము బడి వసారాలో వాయిస్తుంటే ఊళ్లోని ఒక ప్రధాన్ తాత వచ్చి కూర్చున్నాడు. కిక్రి వాయించేవాళ్లలో ఆ చుట్టుపక్కల మిగిలినవాళ్లు ఇద్దరు ముగ్గురు, అందులో ఆయన ఒకడు. పెద్ద కొడుకు ఆటో నడుపుతాడు, చిన్నకొడుకు మంచిర్యాలలో పనిచేస్తాడు. మేము వాయించింది మొత్తం విన్నాడు. ఈ వాయిద్యం ఎక్కడిదని అడిగితే, మేడం చెప్పిన కథ గోండిలో చెప్పాం. కాసేపు ఊరుకుని ఇలా అన్నాడు.

"మూగబోయినదాన్ని పుస్తకం సూసి లేపిండ్రా? మంచి పని చేసిండ్రు. మరి నేను ఇంక బతికే ఉన్న గద. నన్నడగచ్చు గద."

ఆ రాత్రి మాలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాం.

కానీ కిక్రి పట్టడం రికార్డర్ పట్టినంత సులభం కాలేదు. రికార్డర్‌కు ఇక్కడ ఎవరి హక్కూ లేదు. కిక్రికి ఉంది. ప్రధాన్లు గోండుల వంశగాథలు చెప్పేవాళ్లు. ఏ ప్రధాన్ ఇల్లు ఏ గోండు ఇంటి పేరుకు కథ చెప్పాలో తరతరాల కట్టు ఉంది. పెర్సపేన్ పూజలో, పెళ్లిలో, చావు కర్మలో వాళ్లు లేనిదే పని జరగదు. ఆదిలాబాద్ ప్రధాన్లలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, కథ మాత్రం గోండిలోనే పాడతారు. వేరే ఇంటి దేవుళ్ల కథను కాపాడుతూ వచ్చినవాళ్లు వాళ్లు. అలాంటి వాయిద్యాన్ని గోండు పిల్లలు, కొలాం పిల్లలు పట్టవచ్చా? ఒక గోండు పటేల్ వద్దన్నాడు. మన కథ మనమే పాడుకుంటే వాళ్ల గౌరవం ఏం కావాలన్నాడు. ఇంకోవైపు ఒక ప్రధాన్ కుర్రవాడు అసలు రానన్నాడు. కాలేజీలో తోటివాళ్లు అతన్ని అడుక్కునేవాళ్ల ఇంటి పిల్లాడని ఎగతాళి చేశారట. కిక్రి పట్టుకుని ఊరేగితే ఆ మాటను నిజం చేసినట్టు అవుతుందని అతని బాధ.

మూడు సాయంత్రాలు మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. వాయిద్యం పట్టడం, రాగం, వంత, కథ అర్థం ఎవరైనా నేర్చుకోవచ్చు. పేన్ ముందు, కర్మల్లో పాడే హక్కు మాత్రం ఆ ఇళ్లవాళ్లదే, అది మారదు. నేర్పే తాతకు ప్రతి నెలా అందరం కలిసి డబ్బులు ఇస్తాం. అవి దానంగా ఇచ్చేవి కావు, టీచరుకు ఇచ్చే జీతంలా ఇచ్చేవి. ఈ చివరి మాట విన్నాక ఆ ప్రధాన్ కుర్రవాడు వచ్చాడు. తాత అతన్ని తన కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కిక్రికి తోలు కప్పిన కర్రబుర్ర, మూడు తీగలు, ఒక కమాను. మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనాలో చెవే చెప్పాలి. రికార్డర్ తరగతిలో మేము స్వరాలను కాగితం మీద గుర్తులతో రాసుకునేవాళ్లం. ఇక్కడ కాగితం పనికి రాలేదు. తాత ఒకే స్వరాన్ని రెండుసార్లు వాయిస్తే రెండూ ఒకేచోట ఉండవు, కథలో ఏడుపు ఉంటే కొద్దిగా కిందికి దిగుతుంది. కీబోర్డుతో సరిపోల్చి నేర్చుకుందామని ఒకరు సూచించారు. అప్పుడు మేడం చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. హేజిల్‌మియర్ పండుగ చూసి వెళ్లిన పీటర్ హార్లాన్ అనే జర్మన్ ఆయన, పిల్లలకు సులువుగా ఉంటుందని ఒక స్వరం కోసం వేళ్లు పెట్టే తీరు మార్చాడు. ఆ ఒక్క స్వరం సులువైంది. దాని పక్క స్వరాలు మాత్రం పలకడం కష్టమైంది. ఇప్పటికీ రెండు రకాల రికార్డర్లు అమ్ముతున్నారు, తెలిసిన టీచర్లు పాత రకమే కొనమంటారు. కీబోర్డు పక్కన పెట్టేశాం.

అయితే గుంపు తరగతి నుంచి తెచ్చుకున్నవి కొన్ని ఇక్కడ బాగా పనికొచ్చాయి. కథ చెప్పేటప్పుడు ముఖ్య గాయకునికి తోడుగా ఇద్దరు వంత పడతారు. మేము మొదటి నాలుగు నెలలు కిక్రి ముట్టకుండా వంతే నేర్చుకున్నాం. అది పట్టి ఉంచిన స్వరం మీద ఇంకొకరు నడిచినట్టే, మాకు ముందే అలవాటైన పని. తర్వాత ముగ్గురేసి కూర్చున్నాం. ఒకరు కమాను, ఇద్దరు వంత, పావుగంటకు ఒకసారి మార్పు. ఉన్న కిక్రిలు మూడే కావడం వల్ల కూడా అదే సరిపోయింది. బాస్ వాయించిన ఆ కొలాం అమ్మాయి వంతలో ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో అందరికంటే ముందు పట్టేసింది.

తాత పద్ధతి కూడా మాకు కొత్త సంగతి నేర్పింది. ఆయన పాఠాన్ని చిన్న ముక్కలు చేయడు. ఒక ఘట్టాన్ని మొత్తం పాడతాడు. మళ్లీ మొత్తం పాడతాడు. మూడో వారం, "ఇప్పుడు మీరు" అంటాడు. ఎక్కడైనా ఆగితే ఆ మాట అందించడు, అంతకు ముందు జరిగిన కథ చెబుతాడు. కథ తెలిస్తే మాట దానంతట అదే వస్తుందంటాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలు ఎలా ఏర్పడ్డాయో, పహండి కుపార్ లింగాల్ ఏం చేశాడో, మాలో చాలామందికి ముక్కలు ముక్కలుగా తెలుసు. వరుసగా వినడం ఇదే మొదటిసారి. ఇప్పటి గోండిలో వాడని పాత మాటలు వచ్చినప్పుడు ఆపి అడిగాం. టీచర్లం వాటిని రాసిపెడుతున్నాం. కొందరం తెలుగు లిపిలో, ఇద్దరు మాత్రం గుంజాల గోండి లిపిలో. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది, 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. ఫోన్లో రాసుకోవచ్చు.

టీచర్లకు మేము చూసిన నాలుగు సంగతులు చెబుతాం. గుంపు ఐదారుగురితో మొదలైనా చాలు. అందులో ఒక పెద్దమనిషి, కనీసం ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి. పత్తి ఏరే నెలల్లో తరగతి పెట్టకండి, ఎవరూ రారు. ఫోన్లో రికార్డు చేసేముందు అడగండి. పేన్ దగ్గర పాడేవి కొన్ని బయట వినిపించకూడదని పెద్దలు అంటే ఆ మాట నిలబెట్టండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి పిల్లలను స్టేజీ ఎక్కించాలని తొందరపడకండి. ఐదు నిమిషాల ప్రదర్శన కోసం నేర్చుకున్నది ఆ ఐదు నిమిషాలతోనే ఆగిపోతుంది. యువతకు ఒకటే మాట. మీ ఊళ్లో దండారికి పెప్రె ఊదేవాళ్లు, కాళికోం ఊదేవాళ్లు, తుడుం కొట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్ల వయసెంతో ఈ దీపావళికి లెక్కపెట్టండి. ఆ లెక్కే మీకు పని చెబుతుంది.

2021లో మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు, 2022లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మన గూడేలన్నీ పండుగ చేసుకున్నాయి. 2024లో ఆ ఇద్దరూ కొద్ది నెలల తేడాతో వెళ్లిపోయారు. కనకరాజు చాలామంది యువకులకు గుస్సాడీ నేర్పి వెళ్లాడు, అది మన అదృష్టం. 1940లలో మార్లవాయిలో ఉన్న హైమండార్ఫ్ దొర ప్రధాన్ల నోట విన్న కథలను పుస్తకంలో రాశాడు, ఆయన తీసిన సినిమాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అవి ఉండటం మంచిదే. కానీ పుస్తకం చూసి, అద్దాల పెట్టెలోని వాయిద్యాన్ని కొలిచి, ఇలా పలికి ఉండవచ్చని ఊహించుకుంటూ వాయించడం ఎంత కష్టమో రికార్డర్ వాళ్ల కథే చెబుతుంది. వాళ్లకు వేరే దారి లేదు. మనకు ఇంకా ఉంది. తప్పు వేలు పెడితే "అట్ల కాదు బిడ్డా" అనే మనిషి మన ఊళ్లో బతికే ఉన్నాడు.

పదకొండు మందిలో ఇప్పుడు కిక్రి తరగతికి వచ్చేవాళ్లు ఆరుగురు. ఉద్యోగాలకు ఇద్దరు, పెళ్లయి ఒకరు, కోచింగ్‌కు ఇద్దరు వెళ్లారు. రాత్రంతా సాగే ఒక కథలో గంటసేపు పాడేంత వచ్చింది. ఇద్దరికి కమాను నిలిచింది, అందులో ఒకరు ఆ ప్రధాన్ కుర్రవాడు. నాలుగో కిక్రికి కర్ర తెచ్చి పెట్టాం, బుర్ర తొలిచేది తాతే. రికార్డర్లు ఇరవై ఇప్పుడు స్టోర్ రూములో లేవు, ఆరో తరగతి పిల్లల దగ్గర ఉన్నాయి. వాళ్లకు ఊపిరి కలపడం నేర్పుతున్నాం. పత్తి పని ముగిశాక వాళ్లను తాత దగ్గరికి తీసుకెళ్తాం.